మాండొలిన్ ఘల్లుమంటుందా?

ఈ ఉదయం చిక్కడపల్లి వెళ్లే బస్సులో ఎఫ్‌ఎం వింటున్నాను. పాత సినిమా పాట ఒకటి అయిపోగానే వ్యాఖ్యాత ‘ఆ గిటారు ఎలా ఘల్లుమందో విన్నారుగా’ అన్నారు. అది గిటారు కాదు, మాండొలిన్. పాటల మీద వచ్చే వ్యాసాల్లోనూ ఈ పొరపాటు కనిపిస్తూనే ఉంటుంది. ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’ (1995)లో ఆవచేలో కథానాయకుడి చేతిలో ఉన్నది మాండొలినే, దాన్నీ గిటారు చేసేస్తారు. పేరు దిద్దుకోవడం తేలిక. నన్ను పట్టుకుని వదలనిది ఆ ‘ఘల్లు’.

ఘల్లుమనేది గజ్జె. మాండొలిన్‌కు నాలుగు జతల తీగలు, మొత్తం ఎనిమిది. ఒకసారి మీటితే నాదం త్వరగా ఆరిపోతుంది. స్వరాన్ని నిలపాలంటే పిక్‌ను, అంటే తీగలు మీటే చిన్న బిళ్లను, తీగల జత మీద పైకీ కిందికీ చకచకా ఆడించాలి. అప్పుడు ఒకే స్వరం చిన్న చిన్న మీటులుగా రాలుతూ చెవికి ధారగా అందుతుంది. కన్నీళ్లు జలజల రాలాయంటాం కదా, బొట్లు విడివిడిగా ఉన్నా ధార ఒకటే. అందుకే ‘మాండొలిన్ స్వరాలు జలజల రాలాయి’ అనడం నాకు సరిగ్గా తోస్తోంది. కొందరు దీన్ని కంపితం అంటున్నారు, అది ఒప్పుకోలేను. కంపితం ఒక గమకం, అంటే స్వరాన్ని అలంకరించే పద్ధతి; అందులో స్వరమే ఊగుతుంది. ఇక్కడ స్వరం ఉన్నచోటే ఉంటుంది.

స్పందన: మాట బాగుందండీ. కానీ మాండొలిన్ శ్రీనివాస్ గారి కర్ణాటక సంగీత కచేరీకి ‘జలజల’ నప్పుతుందా?

జవాబు: నప్పదండీ, మంచి ప్రశ్న అడిగారు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఎంచుకున్నారు. జతలు వదిలేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. నాదం నిలిచేసరికి ఎడమచేతి వేళ్లకు గమకం పలికించే వీలు చిక్కింది. అక్కడ నేను ‘మాండొలిన్ పాడింది’ అనే రాస్తాను. ఆయన ఇంటిపేరు ఉప్పలపు అని ఎంతమందికి గుర్తు? వాద్యమే ఇంటిపేరైపోయింది.

ఇంకొకటి. ‘మాండలిన్’ అని కూడా రాస్తున్నారు. మాండలికం అలవాటుతో చెయ్యి అటు జారుతోందేమో. మూలమైన ఇటాలియన్ మాటలో ‘డో’ ఉంది, మనం ‘డొ’ అయినా నిలుపుకుందాం.

ఆ రేడియో వారికి ఈ రాత్రే ఉత్తరం రాస్తున్నాను. ‘జలజల’ కన్నా దగ్గరి మాట ఎవరికైనా తడితే ఈలోగా చెప్పండి, అదే రాస్తాను.