దప్తరమా, దస్తరమా?

కర్నూలు నుంచి ప్రశ్న:
మా ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న 1953–56 నాళ్లలో మంత్రిగా పనిచేసిన ఒక పెద్దమనిషి కాగితాలను వారసులు గ్రంథాలయానికి అప్పగిస్తుంటే, వాటిని వరుసపెట్టడానికి నేనూ వెళ్లాను. ఎర్రగుడ్డలో చుట్టిన ఒక కట్టకు వేలాడుతున్న అట్టముక్క మీద ఆయన చేతిరాతలో ‘కె.సి. కాలువ’ (కర్నూలు–కడప కాలువ) అని, దాని తర్వాత నాలుగక్షరాల మాట, ‘రెండవ కట్ట’ అని ఉన్నాయి. ఆ మాటలో రెండో అక్షరం చెమ్మకు అలుక్కుపోయింది. కింది త వత్తు మాత్రం తెలుస్తోంది. నేను చదివింది ‘దప్తరము’ అనా, ‘దస్తరము’ అనా అన్నది ఇప్పుడు ఎంత తలచుకున్నా తేలడం లేదు. ర విడిగా ఉంది కాబట్టి, కాగితాల ఫైలుకు మనం వాడే ‘దస్త్రము’ కాదు.

కడప నుంచి:
అయ్యా, అది దప్తరమే. ఫిర్యాదు మన నోట పిర్యాదు అయినట్టే పారసీక ‘దఫ్తర్’ దప్తరం అయింది. దాని మూలం తోలు అనే అర్థమున్న గ్రీకు ‘దిఫ్తెరా’ దాకా పోతుంది. సకారానికి అక్కడ చోటెక్కడిది?

అనంతపురం నుంచి:
మూలంలో చోటు లేదు గానీ, సర్కారు కచేరీలో ఉంది. దస్తావేజు, దస్కత్తు, కాగితాల దస్తా, ఇవన్నీ చేయి అనే అర్థమున్న ‘దస్త్’ నుంచి వచ్చినవే. రోజంతా ఈ మాటలు పలికే గుమాస్తాల నోట దఫ్తర్‌లోని ఫకారం సకారమైందనీ, ఆ తర్వాతే వస్త్రం, శస్త్రం పక్కన చేరి సంస్కృతపదంలా ‘దస్త్రం’ అయిందనీ నా నమ్మకం. ‘దస్తరము’ ఈ రెంటికీ నడిమి మెట్టు. అది ఒక మంత్రి స్వహస్తంతో దొరికితే ఆ అట్టముక్కను లోపలి కాగితాలంత భద్రంగా దాచాలి.

కడప నుంచి:
నడిమి మెట్టు ఊహ నాకూ నచ్చింది, అందుకే భయపడుతున్నాను. కచేరీ మాటలకోసమే 1852లో జిల్లా నిఘంటువు వేసిన బ్రౌను, అంతకుముందు వేమన పద్యాలకు ఎన్నో ప్రతులు తెప్పించి, పోల్చి చూసి 1829లో అచ్చు వేయించాడు. ఒక్క అక్షరం మారితే వేమన్న మాట ఎదురు తిరుగుతుందని ఆ ప్రతులు చూసినవారికి తెలుస్తుంది. మీరు జాబితాలో ఆ అక్షరం చోటు ఖాళీగా వదిలి, రెండు పాఠాలూ పక్కన రాయండి.

అనంతపురం నుంచి:
వేమన్న సమాధి మా కటారుపల్లెలోనే ఉందని ప్రతీతి; అక్కడివారి నోట విన్న పద్యాలు అచ్చుపుస్తకంతో కలవని సందర్భాలు నాకు ఎదురయ్యాయి, అయినా వాటిని తప్పులనడానికి నాకు మనసొప్పదు. గుమాస్తా నోటి మాటకూ అదే న్యాయం వర్తించాలి కదా?

కర్నూలు నుంచి:
రెండవ కట్ట ఉందంటే మొదటిది ఉండాలి కదా అని నిన్న మళ్లీ వెళ్లి, ట్రంకుపెట్టె అడుగున దాన్ని చూశాను. అట్ట చెమ్మ తగలకుండా చక్కగా ఉంది. దాని మీద ‘కె.సి. కాలువ కాగితాలు, మొదటి కట్ట’ అని రాసి ఉంది.

కడప నుంచి:
అయితే లోపలి ఉత్తరాలన్నీ ఒక్కొక్కటిగా చదవండి. ‘మీ దప్తరంలో ఉన్న అర్జీ’ అనో, ‘దస్తరంలో చేర్చండి’ అనో ఆయన ఎక్కడో ఒకచోట రాసే ఉంటారు.