మెయిన్ మొదలవకముందే సెగ్‌ఫాల్ట్: ఐఫంక్ వాడినవారు ఎవరైనా ఉన్నారా?

పాతమెషిన్:
మా షేర్డ్ లైబ్రరీలో ఒకే లెక్కకు రెండు ఫంక్షన్లు ఉన్నాయి: ఒకటి మామూలుది, రెండోది ఏవీఎక్స్2 అనే వేగవంతమైన ఆదేశాలున్న ప్రాసెసర్లకు. వాటిలో ఒకదాన్ని ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఎంచుకోవడానికి ఐఫంక్ పెట్టాను (ఏది వాడాలో తేల్చే చిన్న ఫంక్షనే దాని రిజాల్వర్). నా కంప్యూటర్‌లో నెల రోజులు హాయిగా నడిచింది. సర్వర్ మీద మాత్రం మెయిన్ దాకా రాకుండానే క్రాష్ అవుతోంది. డీబగ్గర్ జీడీబీలో చూస్తే రిజాల్వర్‌లోనే ఆగింది. అందులో నేను చేసిందల్లా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చదివే గెట్‌ఎన్వ్‌ను పిలవడమే!

గోదారిగట్టు:
సర్వర్ బిల్డులో లింకర్‌కు ‘-జెడ్ నౌ’ (ఫంక్షన్ల చిరునామాలన్నీ మొదట్లోనే తేల్చమనే ఆప్షన్) ఇస్తున్నారా?

పాతమెషిన్:
ఇస్తున్నామండీ. భద్రత కోసం అది తప్పనిసరి అన్నారు.

గోదారిగట్టు:
అయితే చిక్కు అక్కడే. ఐఫంక్ సింబల్‌కు లింకర్ చిరునామా తేల్చదు, ఆ పనిని ప్రోగ్రామ్‌ను మెమరీలోకి తెచ్చే లోడర్‌కు వదిలేస్తుంది. చిరునామాలను అవసరమైనప్పుడే తేల్చే లేజీ బైండింగ్‌లో మీ ఫంక్షన్‌ను ఎవరైనా మొదటిసారి పిలిచినప్పుడే రిజాల్వర్ నడుస్తుంది. అప్పటికి మిగతావన్నీ కుదురుకుని ఉంటాయి. ‘నౌ’ అన్నారంటే లోడర్ రీలొకేషన్ల (నింపాల్సిన చిరునామాల) పట్టికను వరుసగా చదువుతూ, మీ ఫంక్షన్ వంతు రాగానే రిజాల్వర్‌ను అక్కడికక్కడే పిలుస్తుంది. గెట్‌ఎన్వ్ వంతు ఇంకా రాలేదనుకోండి, గాట్‌లో, అంటే ఫంక్షన్ల చిరునామాలుండే పట్టికలో, దాని గడిలో ఫైల్లో రాసి ఉన్న పచ్చి అంకె తప్ప అసలు చిరునామా ఉండదు. అక్కడికి దూకితే ఇంకేముంది! రీడ్‌ఎల్ఫ్ టూల్‌తో రీలొకేషన్ల పట్టిక వరుస చూడండి.

రాత్రిషిఫ్టు:
నేనూ ఇలాగే దెబ్బతిన్నాను. ఫంక్షన్ పేరు మారిస్తే వరుస మారి క్రాష్ మాయమైంది. బాగైపోయిందనుకుని వారం రోజులు మోసపోయాను. రిజాల్వర్‌లో బయటి ఫంక్షన్ దేన్నీ పిలవకండి. జీసీసీ కంపైలర్‌లో ముందు బిల్టిన్ సీపీయూ ఇనిట్, తర్వాత ప్రాసెసర్‌లో ఏది ఉందో చెప్పే సీపీయూ సపోర్ట్స్, అంతే. ఇనిట్ మరిచిపోతే జవాబు తప్పు రావచ్చు.

చింతచెట్టు:
నన్నడిగితే మెమ్‌కాపీ లాంటివాటికి సీ లైబ్రరీ అయిన గ్లిబ్‌సీ వాడుకుంటే సరే, మనకెందుకీ ఐఫంక్? మామూలు ఫంక్షన్ పాయింటర్ చాలు. 2024 మార్చిలో బయటపడ్డ, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్ 5.6.0, 5.6.1 వెర్షన్లలోని దొంగ కోడ్, డేటాను సరిచూసే సీఆర్‌సీ ఫంక్షన్ల ఐఫంక్ రిజాల్వర్ల నుంచే మొదలైంది. అవి నడిచే వేళకు గాట్ ఇంకా రాయడానికి వీలుగానే ఉంటుంది మరి.

పాతమెషిన్:
చూశాను. మా ఫంక్షన్ 3వ వరుసలో, గెట్‌ఎన్వ్ 11వ వరుసలో ఉన్నాయి! ఎన్విరాన్‌మెంట్ తనిఖీని, లైబ్రరీ లోడయ్యాక దానంతటదే నడిచే కన్‌స్ట్రక్టర్‌లోకి మార్చి, ఫంక్షన్ పాయింటర్ పెట్టాను. నడుస్తోంది. చింతచెట్టు గారి మాటే నెగ్గింది.

రాత్రిషిఫ్టు:
మంచి పని చేశారు. ఎప్పుడైనా ఆల్పైన్ లినక్స్ మీదికి వెళ్లాల్సి వస్తే ఆ పాయింటరే పనికొస్తుంది. అక్కడుండే సీ లైబ్రరీ మజిల్‌లో ఐఫంక్ లేనే లేదు.