లెపిడోడెండ్రాన్‌ను ‘పొలుసుచెట్టు’ అనవచ్చా?

ప్రశ్న: పిల్లల పత్రికకు బొగ్గు పుట్టుక మీద రాస్తున్నాను. కోట్ల ఏళ్ల కిందట పెరిగి, తర్వాత బొగ్గుగా మారిన చెట్టు లెపిడోడెండ్రాన్ అందులో వస్తుంది. గ్రీకులో ‘లెపిస్’ అంటే పొలుసు, ‘డెండ్రాన్’ అంటే చెట్టు కదా అని లెపిడోడెండ్రాన్‌ను ‘పొలుసుచెట్టు’ అన్నాను. సంపాదకులు ‘శల్కవృక్షం’ అని దిద్దారు. ఏది ఉంచమంటారు?

– పొలుసుచెట్టే ఉంచండి. శల్కం అంటే ఏమిటో మళ్లీ ఇంకో పేరా రాయాల్సి వస్తుంది.

– పేరు వరకు బానే ఉందండీ. కానీ లోపల ఎక్కడా ‘బెరడు మీది పొలుసులు’ అని రాయకండి. ఈ చెట్టు బోదె శిలాజమైన రాతిముక్క మీద ఏటవాలు వరుసల్లో డైమండ్ ఆకారపు గళ్లుంటాయి. ఒక్కో గడీ ఒక్కో ఆకు మొదలు. అందులో చిన్న మచ్చ, అది ఆకు రాలిన చోటు. భూతద్దం పెడితే మచ్చలో మూడు చుక్కలు కనిపిస్తాయి. నడిమిది ఆకులోకి నీళ్లు మోసిన ఈనెది, అటూ ఇటూ ఉన్నవి గాలి ఆడే మెత్తటి కణజాలానివి. మట్టలు కొట్టేసిన ఈతచెట్టు బోదెను గుర్తు చేసుకోండి, ఇదీ ఆ తీరే. కాబట్టి ‘ఆకుమచ్చలు’ అనడం న్యాయం. 19వ శతాబ్దంలో సంతల్లో ఈ ముక్కల్నే రాక్షసపాముల, బల్లుల శిలాజాలని చూపించేవారట. పొలుసు అంటే మన పిల్లల ఊహ కూడా అటే పోతుంది.

– దీని చుట్టం సిజిలేరియాకు ఆకుమచ్చలు నిలువు వరుసల్లో ఉంటాయి. లాటిన్ ‘సిగిల్లమ్’ అంటే ముద్ర. ‘ముద్రమాను’ అంటే ఎంత బావుంటుందో!

ప్రశ్న: మరి ‘బెరడు’ అనడం సరేనా? విత్తనాలు కాక సిద్ధబీజాలతో (స్పోర్లతో) పెరిగే మొక్కకు బెరడేమిటని మా బాటనీ మాస్టారు అంటున్నారు.

– సరేనా అంటే, అసలు ఆ చెట్టుకు ఉన్నదే బెరడు. 30 మీటర్లు దాటి ఎదిగినా చేవ తక్కువ, బోదెలో ఎక్కువ భాగం బెరడే. చెట్టు చచ్చాక లోపలిదంతా కుళ్లి బెరడు గొట్టంలా మిగిలేది, అందులో ఇసుకా బురదా నిండి రాయయ్యేది. గ్లాస్గో విక్టోరియా పార్కులో 1887లో బయటపడ్డ 11 మొద్దులు అలా తయారైనవే, వాటి వయసు దాదాపు 32.5 కోట్ల ఏళ్లు. ఇంకో తిరకాసు ఉంది. పైపొర ఊడిపోతే కింది పొర మీద గళ్ల రూపే మారిపోతుంది. అది వేరే మొక్క అనుకుని నోరియా అని ఇంకో పేరు పెట్టారు. వేళ్ల భాగానికేమో స్టిగ్మేరియా. మీరు మాత్రం పిల్లలకు ఒక్క పేరే చెప్పండి.

– మా సింగరేణి బొగ్గూ ఈ చెట్లదేనా?

– కాదండీ. ఈ మాకుల బొగ్గు ముఖ్యంగా యూరప్, ఉత్తర అమెరికాలది, కార్బోనిఫెరస్ అనే భూచరిత్ర కాలం నాటిది. సింగరేణిది ఆ తర్వాతి పెర్మియన్ కాలపు గోండ్వానా (మన దేశం, దక్షిణ ఖండాలు కలిసి ఉన్న పాత మహాఖండం) బొగ్గు. అక్కడ పెద్దపీట గ్లోసాప్టెరిస్‌ది, అది విత్తనాల మొక్క. వ్యాసంలో ఈ ముక్క తప్పకుండా కలపండి, లేకపోతే కొత్తగూడెం పిల్లలు గళ్లరాళ్ల కోసం వెతుకుతారు.