‘లె మిలియోఁ’ బరంపురంలో వేస్తే మైకులో తెలుగు చెప్పాలా, వద్దా?

బరంపురం_టాకీ:
రెనే క్లేర్ 1931లో తీసిన ఫ్రెంచి హాస్యచిత్రం. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ కంటే ఏడాది ముందు, ఒడియా తొలి టాకీ ‘సీతా వివాహ’ కంటే అయిదేళ్ల ముందు. లాటరీ టికెట్టున్న పాత కోటు చేతులు మారిపోతుంది, అందరూ దాని వెంట పడతారు. ఇక్కడ ఒడిశాలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బళ్లో ఒడియా చదివినవాళ్లు చాలామంది. తెలుగు సబ్‌టైటిల్స్ వేస్తే వాళ్లకు అక్షరం అందదు. సినిమా నడుస్తుండగా మైకులో తెలుగులో చెప్పడమే దారి.

పర్లాకిమిడి_మాస్టారు:
ఒప్పుకోనండీ. ఈ సినిమాలో సగం నవ్వు శబ్దంలోనే ఉంది. ఒపేరా ఘట్టం చూడండి. అలిగిన జంట మిషెల్, బియాత్రిస్ స్టేజి మీద సెట్టు చాటున ఇరుక్కుపోతారు. ముందు గాయకులు ప్రేమపాట పాడుతుంటే, ఆ పాటే వీళ్లిద్దరినీ కలిపేస్తుంది. వీళ్లు నోరు విప్పరు. అక్కడ మైకులో ‘ఆమె కరుగుతోంది’ అన్నామా, సీను పోయినట్టే. కోటు కోసం పెనుగులాడేటప్పుడు రగ్బీ ఆటలోని ఈల, జనం కేకలు వినిపిస్తాయి. దాని మీద ఇంకో గొంతు పడితే ఎందుకు నవ్వాలో ఎవరికీ తెలియదు.

జయపురం_ప్రొజెక్టర్:
ఏది వేసినా ముందు ఫైలు చూసుకోండి. సెకనుకు 24 ఫ్రేముల ఫైలుకు రాసిన సబ్‌టైటిల్స్ 25 ఫ్రేముల ఫైలుకు తగిలిస్తే, 80 నిమిషాల సినిమా చివరికొచ్చేసరికి మూడు నిమిషాలకు పైగా వెనకబడతాయి. మొదటి మాట సరిచేస్తే చాలదు, మొత్తం టైమింగును 25కి 24 వంతుకు కుదించాలి. టీవీలో ‘జూమ్’ నొక్కొద్దు. ఆ కాలపు బొమ్మ దాదాపు చదరం, తలలు తెగిపోతాయి. పక్కల నలుపు ఉండనివ్వండి. గరగర తగ్గిద్దామని ట్రెబుల్ (సన్నని, పై స్థాయి శబ్దం) బాగా కోస్తే మాటల్లో స, ష ముందు పోతాయి.

రాయగడ_పాఠకుడు:
తెలుగు మాటలనే ఒడియా లిపిలో వేస్తే? పిల్లలు చదివేస్తారు. ఒక్క చిక్కు: ఒడియాలో ఎ, ఏ తేడా లేదు, ఒ, ఓ తేడా లేదు. మెడ, మేడ ఒకటైపోతాయి. అలాంటి మాటలు ఏరి మార్చాలి. తెరమీద రెండు వరుసలు మించకూడదు. పాటలకు సారాంశం చాలు.

బరంపురం_టాకీ:
లిపి సంగతి ఒప్పుకుంటాను, బాగుంది. కానీ ఏ లిపీ చదవని పెద్దవాళ్లూ వస్తారు కదా మాస్టారూ, వాళ్ల మాటేమిటి?

పర్లాకిమిడి_మాస్టారు:
దానికి సినిమాలోనే చోటుంది. మొదట్లో ఇద్దరు మనుషులు ఇంటి పైకప్పు అద్దంలోంచి కింద జరిగే సంబరం చూసి, ఏమిటీ గోల అని అడుగుతారు. కథంతా వాళ్లకు చెప్పడమే. అక్కడ బొమ్మ ఆపి మైకు తీసుకోండి. ఎవరు ఎవరో, కోటు ఎవరి చేతికి పోతుందో చెప్పండి. టికెట్టు దొరికిందా లేదా మాత్రం చెప్పకండి. తర్వాత మైకు కట్టేయండి.