ఎర్ర తూనీగల ఫొటోలు: సర్విలియా, సిగ్నాటాలను వేరుచేయడం ఎలా?

ప్రశ్న

అమీన్‌పూర్ చెరువు గట్టున తుంగ మీద వాలిన ఎర్రని మగ తూనీగలను ఫొటోలు తీశాను. వీటిలో కొన్ని క్రోకోథెమిస్ సర్విలియా అనీ, కొన్ని ఉరోథెమిస్ సిగ్నాటా అనీ అనుకుంటున్నాను గానీ, రెండింటికీ ఒళ్లంతా ఎరుపే కావడం, వెనుక రెక్కల మొదట్లో రంగుపట్టీ కూడా ఉండడం వల్ల ఏది ఏదో తేల్చలేకపోతున్నాను. ఫొటోలు చాలావరకు పైనుంచి తీసినవే. రంగు కాకుండా వేరే నమ్మదగిన గుర్తులుంటే దయచేసి తెలియజేయండి.

జవాబు 1

నమస్కారమండీ. పైనుంచి తీసిన ఫొటోలు ఈ రెండింటి విషయంలో బాగా పనికొస్తాయి, ఎందుకంటే అసలు గుర్తు ఉదరం పైభాగానే ఉంటుంది. సర్విలియా మగవాటికి ఉదరం నడుమ సన్నని నల్లగీత నిలువుగా సాగుతుంది. సిగ్నాటాకు ఆ గీత ఉండదు. ఎనిమిదో, తొమ్మిదో ఖండితాల (ఉదరంలోని వరుస భాగాల) మీద మాత్రం నల్లమచ్చలు ఉంటాయి. ఖండితాలు మొత్తం 10, చివరిది బాగా చిన్నది కాబట్టి కొస నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటే తేలిక. రెక్కల మొదట్లో ఉండే రంగు సర్విలియాలో తేనెరంగుగా, సిగ్నాటాలో మరింత ముదురుగా కనిపిస్తుంది గానీ, ఎదురు వెలుతురులో తీసిన ఫొటోలో ఈ తేడాను నేనైతే నమ్మను.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తూ ఒక విషయం చేరుస్తాను. రెక్క ముందంచు నడుమ చిన్న నొక్కులా కనిపించే చోటును నోడస్ అంటారు. రెక్క మొదలు నుంచి అక్కడివరకు ముందంచున ఉన్న అడ్డు ఈనెలు సిగ్నాటాలో తక్కువ, సర్విలియాలో ఎక్కువ. ఉదరం కొస మీద గడ్డిపోచ అడ్డొచ్చి మచ్చలు కనిపించని ఫొటోల్లో ఈ ఈనెలే ఆధారం. అయితే రెక్క మొత్తం ఫోకస్‌లో ఉండాలి, కాబట్టి కెమెరాను రెక్కలకు సమాంతరంగా పట్టుకోవడం అవసరం. నల్లగీతా, నల్లమచ్చలూ రెండూ లేని ఎర్ర తూనీగ దొరికితే రోడోథెమిస్ రూఫాను, ఒళ్లు గులాబీ ఛాయలో ఉండి రెక్కల ఈనెలు సైతం ఎర్రగా ఉంటే ట్రైథెమిస్ అరోరాను కూడా పరిశీలించండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక ఫొటోలో పసుపు రంగు తూనీగకు ఉదరం నడుమ అదే నల్లగీత ఉంది. అది సర్విలియా ఆడదేనా?

జవాబు 1

సర్విలియా అనడానికి ఆ గీత బలమైన ఆధారమే గానీ, ఆడదని అప్పుడే చెప్పలేం, ఎందుకంటే లేత వయసు మగవి కూడా పసుపుగానే ఉండి తర్వాత ఎరుపెక్కుతాయి. పక్క నుంచి తీసిన ఫొటో ఉంటే రెండో ఖండితం అడుగున చూడండి: అక్కడ పొడుచుకు వచ్చిన జననాంగ భాగం కనిపిస్తే మగది. అటువంటి ఫొటో లేకపోతే మీ నమోదులో జాతి పేరు మాత్రం రాసి, ఆడ మగ గడిని ఖాళీగా ఉంచండి.