గాలి బలంగా ఉన్న రోజున కంట్రోల్ లైన్ మోడళ్లను ఎగరవేయవచ్చా?

కోట కింద (విజయనగరం)

గాలి గంటకు 20 కిలోమీటర్లు దాటితే కంట్రోల్ లైన్ మోడళ్లను (చేతిలోని హ్యాండిల్‌కు లైన్లు అనే తీగలతో కట్టి, మన చుట్టూ తిప్పే చిన్న విమానాలను) పెట్టెల్లోంచి తీయకూడదని గత నెల మన ఆదివారం బృందంలో అనుకున్నాం. ఆషాఢం పొడవునా పడమటి గాలి వీస్తుంది కాబట్టి ఈ నియమం వల్ల చాలా ఆదివారాలు వృథా అవుతున్నాయని కొందరు అంటున్నారు. నియమం ఉండాల్సిందేనని నా వాదన.

నా మోడల్ బరువు 1.2 కిలోలు, లైన్ల పొడవు 18 మీటర్లు, ఒక చుట్టుకు పట్టే సమయం 5.2 సెకన్లు. అంటే వేగం సెకనుకు దాదాపు 22 మీటర్లు, చేతికి తగిలే లాగుడు సుమారు 3.2 కిలోలు. మోడల్ నడినెత్తిన ఉన్నప్పుడు దాని బరువు ఈ లాగుడులోంచి పోతుంది కాబట్టి మిగిలేది 2 కిలోలే. ఎదురుగాలికి వేగం 17 మీటర్లకు పడిపోతే అదే చోట 800 గ్రాములు కూడా మిగలదు. లాగుడు లేనిదే లైన్లు తగిలించిన బెల్‌క్రాంక్ అనే మీట తిరగదు, మోడల్‌ను పైకీ కిందికీ తిప్పే తోక పలక (ఎలివేటర్) కదలదు. ఆ క్షణంలో మన చేతిలో ఉన్నది హ్యాండిల్ మాత్రమే, విమానం కాదు.

వంశధార (శ్రీకాకుళం)

మాస్టారూ, మీ లెక్కతో నాకు పేచీ లేదు, మీరు పెట్టుకున్న కొలబద్దతోనే పేచీ. గాలి వేగం ఒక్కటే చూసి ఎగరవేయాలా వద్దా అని తేల్చడం, ఏటి లోతు చూసి సుడి ఉందో లేదో చెప్పడం లాంటిది.

కళింగపట్నం ఇసుకలో మధ్యాహ్నం సముద్రం మీది నుంచి వచ్చే గాలికి అడ్డేమీ ఉండదు. చొక్కా రెపరెపలాడేంత గాలిలో కూడా అక్కడ లూపులు (గాలిలో నిలువు చుట్లు) వేశాను, లాగుడు ఎక్కడ తగ్గుతుందో ప్రతి చుట్టులోనూ ముందే తెలిసింది. మోడల్ గాలి వచ్చే వైపుకు చేరినప్పుడు గాలి దాన్ని మన మీదికి నెడుతుంది కాబట్టి లైన్లు మెత్తబడతాయి, అప్పుడు రెండడుగులు వెనక్కి వేస్తే సరిపోతుంది. విన్యాసాలన్నీ గాలివాటు వైపునే చేస్తే గాలే లైన్లను బిగించి ఉంచుతుంది. (ఇంజనులోకి ఇసుక పోవడం, ఉప్పు పట్టడం వేరే గోల.)

దీనికి పూర్తిగా విరుద్ధంగా, పట్టణంలోని ఒక కళాశాల మైదానంలో, ఆకులు కూడా సరిగా కదలని ఉదయం నా మోడల్ పోయింది. గాలి వచ్చే వైపున రెండంతస్తుల భవనం, దాని పక్కన చింతచెట్ల వరుస ఉన్నాయి. మోడల్ తలకిందులుగా పోతుండగా హ్యాండిల్ చేతిలో దూదిలా తేలికైంది. మోడల్ ముక్కు లోపలికి తిప్పుకుని నా వైపుకే వచ్చింది. నేను పరుగెత్తి లైన్లు బిగించుకునేలోగా రెక్క నేలకు తగిలింది. గాలి అడ్డును దాటి వచ్చేటప్పుడు దాని వెనుక సుడులుగా పొర్లుతుంది, ఆ పొర్లడం అడ్డు ఎత్తుకు పదింతల దూరం దాకానో, ఇంకా పైకో సాగుతుంది. భవనం 8 మీటర్లదైతే 80 మీటర్లలోపు నిలబడి, గాలి తక్కువగానే ఉంది కదా అనుకోవడంలో అర్థం లేదు. మీ 20 కిలోమీటర్ల నియమం ఆ ఉదయం నన్ను ఎగరవేయమనే చెప్పేది.

రెక్కబరువు

గాలిని బట్టి మోడల్‌ను కూడా సర్దుకోవచ్చు. 18 మీటర్ల లైన్లకు బదులు 16 మీటర్లవి కడితే అదే వేగానికి లాగుడు 3.2 నుంచి 3.6 కిలోలకు పెరుగుతుంది. ఇక గాలివాటున వరుసగా మూడు లూపులు వేసినప్పుడు ఒకదాని కంటే మరొకటి వేగంగా తిరగడం అందరికీ అనుభవమే. అప్పుడు వెనక్కి కాదు, మోడల్ వైపుకే ఒకటి రెండు అడుగులు వేయాలి. ఎలక్ట్రిక్ మోటారుకు ప్రొపెల్లర్ చుట్లను నిలకడగా ఉంచే గవర్నర్ ఉంటే, కిందికి దిగేటప్పుడు వేగం మరీ పెరగకుండా అది కొంత పట్టి ఉంచుతుంది.

కోట కింద

పొట్టి లైన్లతో లాగుడు పెరుగుతుంది, ఆలోచించుకునే సమయం తగ్గుతుంది. చుట్టు అర సెకనుకు పైగా కురచవుతుంది, లూపు నేలకు దగ్గరవుతుంది. కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలకు ఇది సాయం చేయదు. నేను నియమం అడుగుతున్నది వాళ్ల కోసమే.

వంశధార గారు చెప్పిన సుడుల సంగతి ఒప్పుకుంటాను. కానీ దాన్ని ముందే ఎలా కనిపెట్టాలి? వెదురు గడకు రెండు ఎత్తుల్లో గుడ్డపీలికలు కట్టి చూశాం. 5 మీటర్ల దగ్గర పీలిక తిన్నగా ఒకే వైపు చూపింది, పైన మోడల్ మాత్రం ఎగిరెగిరి పడింది. మోడల్ మన చుట్టూ తిరిగే అర్ధగోళం 18 మీటర్ల ఎత్తు దాకా పోతుంది. అంత ఎత్తు గడ ఎవరు తెస్తారు?

ఆమదాలవలస నుంచి

ఒక్క మాట చెప్పి తప్పుకుంటాను. వేసవిలో మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మి ఈదురుగాలి లేచిందంటే, అది ఎన్ని కిలోమీటర్లని కొలుస్తూ నిలబడకండి. మనం పట్టుకునేవి ఉక్కు తీగలు. పిడుగుకైనా, దగ్గరలోని కరెంటు తీగలకైనా మన లెక్కలతో పని లేదు.

వంశధార

ఆమదాలవలస మిత్రుని మాట మీద చర్చే లేదు. అది నియమంగానే ఉండాలి.

మాస్టారూ, 18 మీటర్ల గడ అక్కర్లేదు, సంక్రాంతికి మన పిల్లలు ఎగరవేసే గాలిపటం చాలు. కరెంటు తీగలకు దూరంగా, పొడి నూలు దారంతో, మోడల్ తిరిగే చోటే అంత ఎత్తుకు వదిలి అయిదు నిమిషాలు చూడండి. దారం బిగువుగా ఒకే తీరున లాగుతుంటే గాలి 20 దాటినా చేయి తిరిగినవాళ్లు ఎగరవేయవచ్చు. దారం ఉండుండి వేలాడి, మళ్లీ ఒక్కసారిగా గుంజుతుంటే, గాలి 10 కిలోమీటర్లే ఉన్నా ఆ మైదానంలో ఆ పూట ఎవరూ ఎగరవేయవద్దు. పిల్లలకు మీ 20 హద్దు కూడా ఉండనివ్వండి, దానికి నేను అడ్డు చెప్పను. వచ్చే ఆదివారం చింతచెట్ల మైదానానికి గాలిపటం నేను తెస్తాను, మోడళ్లు పెట్టెల్లోనే ఉంచి రండి.