వెంబన్యామాను కొలవవలసింది డంకన్‌తోనా, రాబిన్సన్‌తోనా?

పాత స్కోర్‌బోర్డు:

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు గురించి ఎక్కడ మాట వచ్చినా యువ ఆటగాడు విక్టర్ వెంబన్యామా పేరు వెంట ఆ జట్టు పాత ఆటగాడు టిమ్ డంకన్ పేరు రావడం ఆనవాయితీ అయిపోయింది. ఇద్దరూ డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియలో) తొలి ఎంపికలు, ఇద్దరూ గ్రెగ్ పోపొవిచ్ కోచ్‌గా ఉండగా జట్టులోకి వచ్చినవారు, కాబట్టి ఆ పోలిక సహజమేనని అందరూ అనుకుంటారు. అయితే మొదటి రెండు సీజన్ల ఆటను మాత్రమే ముందు పెట్టుకొని చూస్తే, వెంబన్యామాను డంకన్‌తో కాక అదే జట్టుకు అతనికంటే ముందు ఆడిన డేవిడ్ రాబిన్సన్‌తో పోల్చడమే సబబని నా వాదన.

నౌకాదళంలో రెండేళ్ల బాధ్యత ముగించుకొని 1989-90లో జట్టులో చేరిన రాబిన్సన్ ఆ సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 24.3 పాయింట్లు, 12 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని అందుకోవడం), 3.9 బ్లాకులు (ఎదుటివారి షాట్‌ను ఆపడం) సాధించాడు. 2024-25లో వెంబన్యామా సగటు 24.3 పాయింట్లు, 11 రీబౌండ్లు, 3.8 బ్లాకులు. ముప్పై అయిదేళ్ల ఎడంతో ఆడిన ఇద్దరి లెక్కలు ఇంత దగ్గరగా రావడం కాకతాళీయం కావచ్చు గాని, వాటి వెనుక ఉన్న ఆట తీరులోని పోలిక కాకతాళీయం కాదు. ఇద్దరూ ఏడడుగులు దాటిన ఎత్తుతో కూడా కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు గార్డులతో (బంతి నడిపించే చురుకైన ఆటగాళ్లతో) సమానంగా పరుగెత్తగలవారు, దూరాన ఎవరినో కాపలా కాస్తున్నా క్షణంలో బాస్కెట్ దగ్గరకు చేరి మరొకరి షాట్‌ను గాలిలోనే ఆపగలవారు. 1994 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌పై రాబిన్సన్ 34 పాయింట్లు, 10 రీబౌండ్లు, 10 అసిస్టులు (తోటివారి పాయింట్లకు దారితీసిన పాస్‌లు), 10 బ్లాకులు నమోదు చేశాడు. 2024 ఫిబ్రవరిలో టొరంటోపై వెంబన్యామా 27 పాయింట్లు, 14 రీబౌండ్లతో పాటు 10 బ్లాకులు చేశాడు.

డంకన్ వేరే కోవకు చెందినవాడు. ప్రత్యర్థి ఎటు వస్తాడో ముందే పసిగట్టి, ఒక అడుగు ముందుగా అక్కడ నిలబడి, షాట్ వేసే ఆలోచననే మాన్పించేవాడు. ఆ ప్రతిభ బ్లాకుల పట్టికలో పూర్తిగా కనిపించదు. పదిహేను సార్లు ఆల్-డిఫెన్సివ్ జట్లలో (ఏటా ఎంపిక చేసే ఉత్తమ డిఫెన్స్ ఆటగాళ్ల జాబితాల్లో) చోటు దక్కినా, ఉత్తమ డిఫెన్సివ్ ఆటగాడి పురస్కారం అతనికి ఒక్కసారి కూడా రాలేదు.

రివర్‌వాక్ అరుగు:

స్కోర్‌బోర్డు గారూ, మీ అంకెలు సరైనవే, కాని అవి ఏ కాలానివో కూడా చూడాలి. డంకన్ తొలి సీజన్ అయిన 1997-98లో లీగ్‌లో ఒక జట్టు మ్యాచ్‌కు సగటున సుమారు 95 పాయింట్లు చేసేది, అందులో అతనివి 21.1. వెంబన్యామా 21.4 పాయింట్లు చేసిన 2023-24 నాటికి ఆ సగటు 114 దాకా పెరిగింది. అంటే తక్కువ పాయింట్లు పడే కాలంలో, లోపల గుమిగూడిన డిఫెన్స్ మధ్య, డంకన్ జట్టు భారంలో మోసిన వాటా పెద్దది. ఆ ఏడాదే అతనికి ఆల్-ఎన్‌బీఏ మొదటి జట్టులో (లీగ్‌లో ఆ ఏటి అత్యుత్తమ అయిదుగురిలో) స్థానం దక్కింది.

గెలుపుల మాట కూడా దాటవేయకండి. రాబిన్సన్ వచ్చిన ఏడాది జట్టు 21 గెలుపుల నుంచి 56కు, డంకన్ వచ్చిన ఏడాది 20 నుంచి మళ్లీ 56కు ఎదిగింది. వెంబన్యామా రాకముందు 22 గెలుపులు, వచ్చిన ఏడాది కూడా 22, మరుసటి ఏడాది 34. అయిదు టైటిళ్లు తెచ్చినవాడు ఉండగా కొలమానం మరొకరు ఎలా అవుతారు? 2003 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో నెట్స్‌పై డంకన్ 21 పాయింట్లు, 20 రీబౌండ్లు, 10 అసిస్టులు, 8 బ్లాకులతో టైటిల్ తెచ్చిపెట్టాడు. రాబిన్సన్‌కు అదే చివరి మ్యాచ్.

ఎడమచేతి వాటం:

ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. వెంబన్యామా రెండో సీజన్‌లో మూడు పాయింట్ల షాట్లు (దూరం నుంచి వేసేవి) మ్యాచ్‌కు దాదాపు తొమ్మిది ప్రయత్నించి, వాటిలో 35 శాతం వేశాడు. 2008 ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే పోటీల్లో) ఫీనిక్స్‌పై డంకన్ వేసిన మూడు పాయింట్ల షాట్‌ను మనం ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటున్నామంటే, అతను అలాంటివి వేయడం అంత అరుదు కాబట్టే. సెంటర్ (బాస్కెట్ దగ్గర ఆడే పొడగరి) పనే మారిపోయినప్పుడు ఈ ముగ్గురినీ ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు.

పాత స్కోర్‌బోర్డు:

వాటం గారూ, షాట్ వేసే చోటు మారింది గాని, జట్టు ఒక్క పొడగరి చుట్టూ అల్లుకోవడం మారలేదు. నేను పోల్చుతున్నది దాన్నే.

అరుగు గారూ, తక్కువ పాయింట్ల కాలం గురించి మీరు చెప్పింది బలమైన వాదనే. గెలుపుల వాదన మాత్రం నిలవదు. 1989లో రాబిన్సన్‌తో పాటు టెర్రీ కమింగ్స్, షాన్ ఎలియట్ కూడా కొత్తగా చేరారు. 1997లో డంకన్ వచ్చినప్పుడు అతని పక్కన, అంతకుముందు ఏడాది గాయాల వల్ల 6 మ్యాచ్‌లే ఆడిన రాబిన్సన్ తిరిగొచ్చి నిలబడ్డాడు. వెంబన్యామా తొలి సీజన్ ఆరంభంలో మాత్రం, ఫార్వర్డ్ అయిన జెరెమీ సోహాన్‌కు పాయింట్ గార్డ్ బాధ్యత (బంతి నడిపించి ఆటను నిర్దేశించే పని) అప్పగించి జట్టు ప్రయోగాలు చేసింది (ఆ ప్రయోగాన్ని సమర్థించేవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే వినాలని ఉంది). పైగా రాబిన్సన్ లీగ్‌లో 24 ఏళ్ల వయసులో, డంకన్ వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయానికి నాలుగేళ్లు ఆడి 21 ఏళ్ల వయసులో అడుగు పెట్టారు. వెంబన్యామాకు అప్పుడు 19 ఏళ్లు.

అసలు నేను రాబిన్సన్ పేరు తెచ్చింది పొగడడానికి కాదు. 1994-95లో అతను ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు), జట్టుకు 62 గెలుపులు. అయినా లీగ్‌లోని పశ్చిమ విభాగం ఫైనల్స్‌లో హకీమ్ ఒలాజువాన్ ఉన్న హ్యూస్టన్ చేతిలో ఆరు మ్యాచ్‌లలో ఓడారు. ఒక అసాధారణమైన సెంటర్ ఒంటరిగా జట్టును ఎంత దూరం తీసుకెళ్లగలడో ఆ సీజన్ చూపించింది. 1999లో టైటిల్ రావడానికి పక్కన ఇంకో పొడగరి, డంకన్, రావలసి వచ్చింది. డంకన్‌కు తొలి రోజు నుంచే ఆ అండ ఉంది కాబట్టి, అతని ఆరంభంతో వెంబన్యామా ఆరంభాన్ని పోల్చితే మనకు తెలిసేది తక్కువ.

రివర్‌వాక్ అరుగు:

ఇక్కడే మీ వాదన పాతకాలంలో ఆగిపోయింది. 2023-24 మొదట్లో జాక్ కాలిన్స్‌ను సెంటర్‌గా పెట్టి వెంబన్యామాను ఫార్వర్డ్‌గా ఆడించారు, కోర్టు ఇరుకైపోయింది. డిసెంబరులో అతన్నే సెంటర్‌గా మార్చాక ఆట తేటపడింది. యాజమాన్యం ఆ తర్వాత తెచ్చుకున్న ప్రధాన ఆటగాళ్లు ఎవరు? క్రిస్ పాల్, డిఆరన్ ఫాక్స్, డ్రాఫ్ట్‌లో డిలన్ హార్పర్. ముగ్గురూ గార్డులే. 2025 వేసవిలో వచ్చిన ల్యూక్ కోర్నెట్ ఏడడుగులవాడే గాని, అతన్ని రెండో డంకన్ అని మీరు కూడా అనరు.

మీరిద్దరూ తాకని సంగతి ఆరోగ్యం. రాబిన్సన్ తొలి రెండు సీజన్లలో ప్రతి మ్యాచ్ ఆడాడు. డంకన్ కూడా అంతే, రెండో సీజన్ లాకౌట్ (యజమానులు, ఆటగాళ్ల మధ్య వివాదంతో ఆట నిలిచిపోవడం) వల్ల 50 మ్యాచ్‌లకు కుదించుకుపోయినా. వెంబన్యామా ఆడినవి 71, 46. 2025 ఫిబ్రవరిలో కుడి భుజంలో రక్తం గడ్డకట్టడంతో అతని సీజన్ ముగిసిపోయింది. అందుబాటులో లేని మ్యాచ్‌లకు సగటు ఉండదు. ఆ లెక్కన అతను ఇప్పటికి ఇద్దరికీ వెనకే.

పాత స్కోర్‌బోర్డు:

వెనకే, ఒప్పుకుంటాను. అయితే ఆ రక్తపు గడ్డను మోకాలి అరుగుదలలా లెక్కపెట్టడానికి నేను సిద్ధంగా లేను. ఆరోగ్యం గురించి మాట్లాడదలిస్తే రాబిన్సన్ 1996-97 సీజన్ కూడా చూడండి. వెన్ను, పాదం దెబ్బతిని అతను ఆగిపోతే జట్టు 62 మ్యాచ్‌లు ఓడింది, ఆ ఓటముల వల్లే డ్రాఫ్ట్‌లో తొలి ఎంపిక దక్కి డంకన్ వచ్చాడు. గార్డులే చాలునని మీరు అంటున్న జట్టు, వెంబన్యామా బెంచ్ మీద కూర్చున్న నిమిషాల్లో బాస్కెట్‌ను ఎవరితో కాపాడుకుంటుందో చెప్పండి. కోర్నెట్‌ను అందుకే తెచ్చారని నేను అనుకుంటున్నాను, అది రెండో పొడగరి అవసరాన్ని యాజమాన్యం సగమైనా ఒప్పుకున్నట్టే.